కదిలే కాగితం



గోదావరికి వరదొచ్చిన రోజుల్లో మనం రేడియోలో ఒక ప్రకటన వింటుంటాం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఇంత, సముద్రంలోకి వదులుతున్న నీరు ఇన్ని లక్షల క్యూసెక్కులు, రెండో ప్రమాద హెచ్చరిక కొనసాగుతోంది. అంతే, అయిపోయింది. అందులో ఉగ్రరూపాలుండవు, పరవళ్ళుండవు. అవన్నీ టీవీ వాళ్ళ సొత్తు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడు అంకెలూ లంకల్లో బడి మొహం చూడని ముసలమ్మకి కూడా నోటికొచ్చు. పైన భద్రాచలంలో 43, 48, 53 అని ఇంకో మూడున్నాయి. అక్కడి అంకె విన్నవాడు తన ఇంటి మెట్టు దాకా నీళ్ళు ఎప్పటికొస్తాయో లెక్క కట్టుకుంటాడు. గేదెల్ని గట్టు మీదికి ఇవాళే తోలాలా, రేపటిదాకా ఆగొచ్చా అన్నది తేల్చుకుంటాడు.

ఆఫీసుల్లో, ఉద్యోగాల్లో పనికొచ్చేలా రాయడం ఎలా అన్న దాని మీద మాట్లాడమంటే నాకు ముందుగా ఈ ప్రకటనే తట్టింది. నన్నడిగితే మన గోదావరి జిల్లాల్లో తయారయ్యే ఆఫీసు రాతల్లో దీన్ని మించింది లేదు. దీన్ని రాసినాయనకి, వినేవాడు ఎవరో తెలుసు. విన్నాక వాడు ఏదో ఒకటి చెయ్యాలనీ తెలుసు. అది చెయ్యడానికి ఏ ముక్క కావాలో ఆ ముక్క ఇచ్చి ఊరుకున్నాడు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చి పడినప్పుడూ, 2022 జులైలో మళ్ళీ ఊళ్ళు మునిగినప్పుడూ మనకి అందిన సమాచారం ఈ తీరుదే.

మరి మనకి బళ్ళో నేర్పిన ఉత్తరం ఎలా ఉంటుంది? కుడి పక్క ఊరు, తేదీ. ఎడమ పక్క ‘గౌరవనీయులైన’ అని మొదలు. కింద ‘ఇట్లు, తమ విధేయుడు’. పదో తరగతి పరీక్షలో ఈ మూడూ ఉంటే మార్కులు పడిపోతాయి. మధ్యలో ఏం రాశామన్నది ఎవరూ పెద్దగా చూడరు. ఆ అలవాటుతోనే ఉద్యోగంలోకి వస్తాం. నేను చాలా ఏళ్ళు ఆఫీసులో తపాలు విప్పినవాణ్ణి. సగం కాగితాల్లో మర్యాద నిండుగా ఉండేది, అసలు సంగతి వెతుక్కోవలసి వచ్చేది.

కొంచెం వెనక్కి వెళదాం. ఇవాళ మనం కోనసీమ అని, పచ్చదనం అని మురిసిపోతున్న ఈ డెల్టా, 1840ల నాటికి కుంగిపోయిన సీమ. 1832-33లో కరువు. 1839లో కోరంగిని ఊడ్చేసిన తుఫాను. 1821 ప్రాంతంలో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 5 లక్షల 61 వేలకి దిగిపోయింది. శిస్తు రావడం లేదని మద్రాసు సర్కారు వాళ్ళకి గాభరా పుట్టింది. సంగతేమిటో కనుక్కోమని సర్ హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారిని పంపారు. ఆయన తిరిగి, చూసి, 1844 మార్చిలో ఒక నివేదిక పంపాడు. జనం తగ్గారు, భూమి బీడు పడింది, పక్కనే గోదావరి ఊరికే సముద్రం పాలవుతోంది. ఇంత చెప్పినాయన ఆనకట్ట కట్టండి అని రాసెయ్యలేదు. అనుభవం ఉన్న ఇంజినీరును ఒకణ్ణి పంపి చూపించండి అన్నాడు.

నాకు ఇక్కడ ఆగాలనిపిస్తుంది. లక్షల ఖర్చుకి సరే అనమంటే ఏ అధికారి అయినా భయపడతాడు. ఒక మనిషిని పంపి చూడమంటే భయపడడానికి ఏముంది? అడిగింది చిన్నది, అవతలివాడి చేతిలో ఉన్నది, ఆ పూటే సంతకం పెట్టి పంపెయ్యగలిగినది. మాంట్‌గొమరీ పేరు మన జనం నోట వినపడదు, ఊరికో విగ్రహం ఆయనకి లేదు. కానీ కాటన్ దొర ఇక్కడికి రావడానికి దారి వేసినవాటిలో ఆయన కాగితం ఒకటి.

వచ్చిన ఇంజినీరు ఆర్థర్ కాటన్. అప్పటికే తంజావూరు వైపు కొళ్ళిడం మీద ఆనకట్టలు కట్టి ఉన్నాడు. నది తిరిగాడు, మట్టాలు చూశాడు, 1844లో ఒకటీ, 1845లో ఒకటీ నివేదికలు పంపాడు. వాటిలో ఇంజినీరింగు సంగతి అలా ఉంచండి. నాకు నచ్చేది, ఎవరికి రాస్తున్నాడో ఆయన మరిచిపోకపోవడం. చదివేవాళ్ళు ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు. గోదావరి ఎటు పారుతుందో వాళ్ళకి తెలియదు. వాళ్ళకి తెలిసిందల్లా ఎంత పెడితే ఎంత వస్తుందని. అందుకని కావేరి నీళ్ళు పారిన తంజావూరుని ముందు పెట్టాడు. నీళ్ళు అందిన డెల్టా సర్కారుకి ఎంత ఇస్తోందో చూడండి, ఇక్కడా అలాంటి నేలే ఉంది, నది అంతకన్నా పెద్దది, ఆనకట్టకి దాదాపు నాలుగు ముప్పావు లక్షల రూపాయలవుతుంది అన్నాడు. ధర్మం మాట ఎత్తకపోలేదు, నిష్టూరాలూ ఆడాడు. కానీ కాగితాన్ని నడిపించింది లెక్క. 1846లో మంజూరయింది, 1847లో పని మొదలైంది, 1852కి ఆనకట్ట నిలబడింది.

మంజూరయ్యాక జరిగింది కూడా చెప్పాలి, ఉద్యోగస్తులకి నవ్వొస్తుంది. ఆయన ఆరుగురు ఇంజినీర్లనీ, ఎనిమిది మంది చిన్న అధికార్లనీ, రెండు వేల మంది తాపీ మేస్త్రులనీ అడిగాడు. వాళ్ళిచ్చింది పని నేర్పవలసిన ఒక కుర్రవాడు, ఇద్దరు అప్రెంటిసులు, కొందరు సర్వేయర్లు. సిబ్బంది కావాలని రాసిన ప్రతి కాగితానికీ ఇప్పటికీ ఇదే జవాబు కదండీ! దొరికిన వాళ్ళతోనే నెట్టుకొచ్చాడు. వీణం వీరన్న గారు కుడిభుజంగా నిలిచారు. ఆయన సేవని పేరు పెట్టి పై వాళ్ళకి తెలియజేశాడు కాటన్. కింది ఉద్యోగి చేసిన పనిని పేరుతో సహా కాగితం మీద పెట్టడం కూడా ఆఫీసు రాతలో ఒక భాగమే. ‘మా విభాగం కృషి ఫలితంగా’ అని తేల్చేసే పెద్దలు అది నేర్చుకోరు.

కాటన్‌ది కోపిష్ఠి కలం అన్న మాటా నిజమే. రైళ్ళకంటే కాలువలు మేలని తర్వాత ఏళ్ళ తరబడి వాదించాడు. లెక్కతో మాట్లాడిన చోట గెలిచాడనీ, విసుగుతో మాట్లాడిన చోట అంతగా గెలవలేదనీ నాకనిపిస్తుంది.

ఇక మన దగ్గరికి రండి. మన ఆఫీసు తెలుగుకి రెండు పుట్టిళ్ళున్నాయి. ఒకటి కరణంగారి ఇల్లు. గ్రామాధికారుల పదవులు 1984లో రద్దయ్యాయి గానీ వాళ్ళ అర్జీ భాష రద్దు కాలేదు. ‘తమకు తెలియజేసుకొను విన్నపము ఏమనగా’, ‘చిత్తగించవలయును’, ‘తగు చర్య నిమిత్తము’. అయితే కరణాల్ని పూర్తిగా తిట్టలేను. అదే కరణంగారు అడంగల్ రాసేటప్పుడు సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, నీటి వసతి గళ్ళల్లో పొందిగ్గా పెట్టేవారు. ఒక్క అనవసరమైన మాట ఉండేది కాదు. అధికారికి అర్జీ రాయించడానికి ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం ఆయనకి పూనకం వచ్చేది.

రెండో పుట్టిల్లు ఇంగ్లీషు ఫైలు. 1966లో తెలుగుని అధికార భాషగా చట్టం చేసుకున్నాం. తెలుగు వచ్చింది, ఇంగ్లీషు వాక్యాన్ని చంకనెత్తుకుని మరీ వచ్చింది. ‘చర్యలు తీసుకొనబడును.’ ఎవరు తీసుకుంటారు? ఎప్పుడు? ఆ వాక్యంలో మనిషి లేడు. మనిషి లేడు కాబట్టే రాసిన వాడికి హాయిగా ఉంటుంది. ‘వంతెన రిపేరు ఏఈ గారు మార్చి నెలాఖరుకి పూర్తి చేయిస్తారు’ అని రాస్తే ఏప్రిల్ ఒకటిన ఎవరైనా అడుగుతారు. ఆ భయమే ఈ భాషకి అసలు వ్యాకరణం.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు చివరి ఏళ్ళలో మన రాజమండ్రిలోనే ఉన్నారు. ఆయన గురించి భాషావేత్తగా అందరూ చెబుతారు. నేను ఇంకో సంగతి చెబుతాను. తెలుగు ఎలా రాయాలన్న ఆ వాదన కోసం ఆయన 1913లో తెచ్చిన మెమొరాండం ఇంగ్లీషులో ఉంది. నిర్ణయం చెయ్యవలసిన వాళ్ళు ఏ భాషలో చదువుతారో ఆ భాషలో, వాళ్ళు కాదనలేని రుజువులు పోగేసి పెట్టారు. అవతలి పక్షాన జయంతి రామయ్య పంతులు గారూ ఇంగ్లీషులోనే బదులిచ్చారు. పాండిత్యం ఉంది కదా అని ఏ ఒక్కరూ పద్యం రాసి పంపలేదు.

సరే, ఒక అర్జీ చూద్దాం. నేను కల్పించిందే, కానీ వినగానే మీకు ఎక్కడో చూసినట్టుంటుంది. ‘మహారాజశ్రీ ఇరిగేషను శాఖాధికారి వారి దివ్య సముఖమునకు. మా గ్రామమునందు గత కొన్ని సంవత్సరములుగా మురుగునీటి సమస్య తీవ్రముగా ఉన్నందున రైతాంగము యావన్మందియు నానా అవస్థలు పడుచున్నారు. కావున దయయుంచి తగు చర్యలు గైకొనవలసినదిగా ప్రార్థన.’ కింద నలభై సంతకాలు, పది వేలిముద్రలు.

ఇది అందుకున్న ఇంజినీరు ఏం చెయ్యాలి? ఏ మురుగు కోడు? ఎక్కడ పూడింది? ఎంత మేర? ఆయనకి ఏమీ తెలియదు. దాంతో ఆయన కూడా అదే భాషలో జవాబిస్తాడు, పరిశీలించబడును అని. పైగా మన డెల్టాలో సాగునీటి కాలువ చూసే వాళ్ళు వేరు, మురుగు కోడు చూసే డ్రైనేజీ వాళ్ళు వేరు. చిరునామా తప్పితే ఆ కాగితం ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి బదిలీ అవుతూనే నారు కుళ్ళిపోతుంది.

అదే అర్జీ ఇలా రాశామనుకోండి. ‘డ్రైనేజీ ఏఈ గారికి. మా ఊరి మురుగు కోడులో రోడ్డు వంతెన నుంచి చాకలిరేవు దాకా, సుమారు 400 మీటర్లు, గుర్రపుడెక్క పేరుకుపోయింది. నారుమళ్ళు పొయ్యకముందే, జూన్ 15 లోగా దాన్ని తీయించమని కోరుతున్నాం. నిరుడు జులైలో వాన పడ్డాక అయిదు రోజులు నీరు దిగలేదు. 60 ఎకరాల్లో రెండోసారి నారు పోశాం. ఎడమ గట్టు మీద మిషను వెళ్ళడానికి దారి ఉంది. సర్వే నంబర్ల జాబితా, ఫోటోలు జత చేశాం. తమరు చూడ్డానికి వస్తే నీటి సంఘం ప్రెసిడెంటు గారు దగ్గరుండి చూపిస్తారు. ఆయన ఫోను నంబరు కింద ఇచ్చాం.’

మర్యాద ఏమైనా తగ్గిందా? నాకైతే పెరిగినట్టే అనిపిస్తుంది. ఆయన టైముకి విలువిచ్చాం కాబట్టి. ఆ ‘మిషను వెళ్ళడానికి దారి ఉంది’ అన్న వాక్యాన్ని కాస్త గమనించండి. అది మనకి పెద్దగా పట్టని సంగతి, మన బాధకి సంబంధించింది కాదు. కానీ అంచనా వేసే ఇంజినీరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. ఆయన నోరు తెరవకముందే జవాబు కాగితం మీద ఉంది. ఇది ఊహకి అందేది కాదు, ఆ ఆఫీసులో పని ఎలా సాగుతుందో ఎవర్నైనా అడిగి తెలుసుకోవాలి. బాగా రాయడానికి కావలసిన పనిలో సగం ఇలా రాతబల్ల దగ్గర కాకుండా బయటే జరుగుతుంది.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైంది మన కరపలోనే. ఒక్కసారిగా వేలాది మంది కుర్రాళ్ళు, ఆడపిల్లలు ఊళ్ళల్లో ఉద్యోగాల్లో కూర్చున్నారు. చురుకైన పిల్లలు, కంప్యూటరు వచ్చినవాళ్ళు. వీళ్ళకి లేనిదల్లా ఎర్రసిరా హెడ్‌గుమాస్తా. మా రోజుల్లో డ్రాఫ్టు పెడితే ఆయన పట్టుకుని సగం కొట్టేసి, అంచున ‘ఎప్పుడు?’, ‘ఎంత?’, ‘ఎవరు?’ అని రాసి మొహాన కొట్టేవాడు. కళ్ళనీళ్ళు తిరిగేవి గానీ మూడోసారికి మనమే ఆ ప్రశ్నలు వేసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ సీటులో ఎవరూ లేరు. పాత లెటరు తీసి, తేదీ మార్చి, పేరు మార్చి పంపెయ్యడమే శిక్షణ. ఒక్కోసారి పేరు మార్చడం కూడా మరిచిపోతారు, అది వేరే సంగతి.

అందుకే కొత్తవాళ్ళకి నేను చెప్పేది, ఇద్దరు కలిసి ఆ హెడ్‌గుమాస్తా పని పంచుకోండి అని. నీ కాగితం పక్క సీటు అమ్మాయికివ్వు. ఒకసారి చదివి పక్కన పెట్టెయ్యమను. ‘ఇప్పుడు నేను ఏం చెయ్యాలని ఇందులో ఉంది?’ అని అడుగు. ఆవిడ తడుముకుంటే తప్పు ఆవిడది కాదు. రెండో పని, పైకి చదవడం. మనిషి ఎదురుగా ఉంటే నోటితో అనలేని మాట కాగితం మీదా ఉండక్కర్లేదు. ‘పై విషయమును పురస్కరించుకొని’ అని ఎవరి మొహం మీదైనా అని చూడండి.

కంపెనీల్లో చేరే మన పిల్లల కథ దీనికి దూరమేమీ కాదు. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో అయినా, హైదరాబాదు సాఫ్ట్‌వేరులో అయినా, డాలస్‌లో అయినా మెయిలు చివర ‘కైండ్లీ డు ద నీడ్‌ఫుల్’ అని పెడతారు. అది కరణంగారి ‘తగు చర్య నిమిత్తము’ ప్యాంటు చొక్కా తొడుక్కుని వచ్చిందే. ఏం చెయ్యాలో నేను ఆలోచించలేదు, నువ్వే ఆలోచించుకో అని దాని తాత్పర్యం. ఈమధ్య ఉత్తరాలు రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. వ్యాకరణం తప్పు పోదు, ఇంగ్లీషు నున్నగా ఉంటుంది. కానీ కోల్డ్ స్టోరేజీలో ఏ గదిలో, ఎన్ని గంటలకి, ఎన్ని డిగ్రీలు పెరిగిందో ఆ యంత్రానికి ఎవరు చెబుతారు? ఆ మూడు ముక్కలూ తెలిసినవాడు తప్పుల ఇంగ్లీషులో రాసినా పై ఆఫీసరు లేచి వెళతాడు. తెలియని రాత ఎంత నున్నగా ఉన్నా ఆయన కుర్చీ కదలదు.

సమాచార హక్కు దరఖాస్తులకీ ఇదే వర్తిస్తుంది. 2005 చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి, తెలుగులోనే అడగొచ్చు. కానీ ‘మా రోడ్డు ఎందుకు వెయ్యలేదు?’ అని అడుగుతారు మనవాళ్ళు. ఎందుకు అన్నదానికి ఆఫీసులో కాగితం ఉండదు, ఉన్న కాగితం ఇవ్వడమే చట్టం చెప్పేది. ‘ఫలానా రోడ్డు పని అంచనా కాపీ, ఎం బుక్కులో ఆ పని కొలతలున్న పేజీల నకళ్ళు ఇప్పించండి’ అని అడగండి. అప్పుడు దాన్ని ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వరో చట్టంలో కారణం చూపించి రాయాలి. కోపం పూర్తిగా మానెయ్యమని నేననను. కోపాన్ని ఇంట్లో పెట్టి, పేజీ నంబరు వెంట తీసుకెళ్ళమంటాను.

ఇక రెండో కాగితం సంగతి ఒకటి మిగిలింది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకుంటాం. నెల గడుస్తుంది, కదలిక ఉండదు. అప్పుడు మనవాళ్ళు మొదటి దానికన్నా రెట్టింపు పొడుగు ఉత్తరం రాస్తారు, అందులో ప్రభుత్వాల్ని తిడతారు, పాత కథంతా మొదట్నుంచీ చెబుతారు. రెండోది చిన్నదిగా ఉండాలి. రసీదు నంబరు, తేదీ, అడిగిన పని ఒక్క వాక్యంలో, ఈలోగా మారిన సంగతి ఏదైనా ఉంటే అది. ‘మే 4న ఇచ్చిన అర్జీ, నంబరు ఫలానా. కోడులో గుర్రపుడెక్క ఇంకా తియ్యలేదు. ఈ నెల 10 నుంచి కాలువకి నీళ్ళు వదులుతారని చెబుతున్నారు. ఆ లోపు మిషను వచ్చే రోజు తెలియజేస్తే గట్టు మీద మేం సిద్ధంగా ఉంటాం.’ మొదటి అర్జీ నకలు వెనక పిన్ను చెయ్యండి. ఫైలు వెతికే పని గుమాస్తాకి తప్పుతుంది, అది దొరకలేదన్న వంకా మనకి తప్పుతుంది.